పక్కకొట్టు సంపాదన

జూన్ 9

ఈ పుస్తకం నాది. రాసే చెయ్యి మాత్రం నా కోడలిది. నాకు చదువు రాదు. రాదని దాచుకునే వయసు కూడా దాటిపోయింది.

ముందే షరతు పెట్టాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. నా మాటకు ఇస్త్రీ చేయకూడదు. తనను తిట్టినా సరే, రాయాలి. సరేనంది. ఇదిగో, తలూపుతూ రాస్తోంది.

సంగతి ఇది. బస్టాండు రోడ్డుకీ కోర్టు రోడ్డుకీ మధ్య మా సందు ఉంది. పైన రేకులు, కింద బండలు, అటూ ఇటూ కలిపి పద్దెనిమిది కొట్లు. కొట్లంటే ఏదో అనుకునేరు. తలుపు తీస్తే మనిషి, మనిషి లేస్తే గోడ. అందరం రిపేర్లవాళ్లమే. చెప్పులు, గొడుగులు, తాళాలు, గడియారాలు, సూట్‌కేసులు. నాది చిరిగిన బట్టలు బాగుచేసే కొట్టు. నలభై ఏళ్లుగా అదే మిషను, అదే కుర్చీ. మిషనుకు పెడలు ఒకసారి మార్చాను, కుర్చీకి కాళ్లు రెండుసార్లు. నా కాళ్లు మాత్రం పాతవే.

నిన్న సందు మొదట్లో నోటీసు అంటించారు. సందు పడగొట్టి ఆరంతస్తుల కార్ పార్కింగు కడతారట. ఆగస్టు ఇరవై రెండున మున్సిపాలిటీ పెద్దాఫీసు హాల్లో అందరి మాటా వింటారట. ఆఫీసు మెట్ల దగ్గర అర్జీలు టైపు చేసే ఆయన దగ్గరికి వెళ్లాను. మీ కేసు అరపేజీలో చెప్పండి అన్నాడు. నా కేసు అరపేజీలో పట్టదు నాయనా అన్నాను. అయితే తేదీ వేసి రోజూ రాయించుకో, ఎప్పటికైనా నిలబడుతుంది అన్నాడు. ఆ సలహాకు డబ్బు తీసుకోలేదు.

అందుకని ఈ పుస్తకం.

జూన్ 10

నిన్నటిది చదివి వినిపించమన్నాను. ఒక చోట ఇస్త్రీ చేసింది. పట్టుకున్నాను. మళ్లీ రాయించాను.

జూన్ 17

కోడలి గురించి కూడా చెప్పాలి. దానికి నలభై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లు బిల్లులు కట్టించుకునే కౌంటర్లో కూర్చుంది. ఆ కౌంటరు ఎత్తేసి అక్కడ ఒక మెషీను పెట్టారు. ఇంట్లో నెల రోజులు గోడలు చూస్తూ కూర్చుని, ఒకరోజు యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్‌కి ఫారం తెచ్చింది. ఈ వయసులో పలకా బలపమా అని దాని పుట్టింటివాళ్లే నవ్వారు. మా వాడు మెల్లగా నావైపు చూశాడు. ఫీజు ఎంతో కనుక్కుని రా అన్నాను.

ఇప్పుడు దానికి కాస్ట్-బెనిఫిట్ పాఠం. కూరలు తరుగుతూ నాకు చెప్తుంది. ఏదైనా కట్టేముందు నష్టం ఒక వైపు, లాభం ఒక వైపు పెట్టి చూస్తారట. అంతేనా అన్నాను. మోకాలు చిరిగిన ప్యాంటు వస్తే నేను చేసేదీ అదే. దారమెంత, టైమెంత, కుట్టాక ఎన్ని నెలలు బతుకుతుంది, దానికి ఈ కుట్టు గిట్టుబాటా కాదా. అత్తయ్యా, మీరు చూసేది మీకూ ప్యాంటు మనిషికీ గిట్టుబాటు, ఇక్కడ ఊరందరిదీ చూడాలి అంది. ప్యాంటు గురించి ఊరందరినీ అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

డిస్కౌంట్ రేటు అని ఇంకోటి ఉందట. పదేళ్ల తర్వాత వచ్చే లాభానికి ఇవాళ విలువ తక్కువట. డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఆ రేటు ఇంకా ఎక్కువ వేసుకోవాలి, నాకు రేపటిదే అనుమానం అన్నాను. ఇది కూడా రాయాలా అంది. రాయి.

అసలు సంగతి ఆఖర్న చెప్పింది. మా సందు పార్కింగుకి లాభనష్టాలు తేల్చమని పెద్దాఫీసు మా కోడలి యూనివర్సిటీకే అప్పజెప్పిందట. కోడలి క్లాసే సర్వే చేస్తుందట. తక్కెడ మన ఇంటి మనిషి చేతిలోనే ఉంటే ఇంకేం కావాలి. హాయిగా తిన్నాను.

జూన్ 24

హాయి అయిపోయింది.

మా అత్తగారి కొట్టు ఆ సందులోనే ఉందని కోడలే వెళ్లి ప్రొఫెసర్ మేడమ్‌తో చెప్పిందట. అయితే సందు అంకెలు నువ్వు ముట్టుకోకూడదు అందట ఆవిడ. కోడల్ని పార్కింగు జట్టులో వేసింది. పార్కింగు కడితే కార్లవాళ్లకు ఎంత కలిసొస్తుందో ఇది తేల్చాలి. ఇవాళ మధ్యాహ్నం కోర్టు రోడ్డు మీద చేతిలో వాచీతో నిలబడింది. ఒక్కో కారు చోటు కోసం ఎంతసేపు తిరుగుతోందో రాసుకుంది. మా చెప్పులాయన చూసి వచ్చి నాకు చెప్పాడు.

నోరుమూసుకుని ఉండాల్సింది ఇది, వెళ్లి చెప్పుకుంది. నా కొట్టు కూల్చేవాళ్లకు కూలి లేకుండా లెక్క కడుతున్నావన్నమాట అన్నాను. ఉన్నది లెక్క కడుతున్నాను అత్తయ్యా అంది. ఈ ఇంటి ఉప్పు తిని అన్నాను.

కలం కింద పె

జూలై 2

పై మాట సగంలోనే ఉంది. అలాగే ఉండనివ్వమన్నాను.

ఇన్నాళ్లూ ఏమీ రాయలేదు. రాసే మనిషితో మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా మా వాడి చేతులమీదుగానే నడిచింది. ఇవాళ అదే వచ్చి కూర్చుని పుస్తకం తెరిచి తేదీ వేసింది. నేను తప్పయిందనలేదు. అది అనమనలేదు.

జూలై 6

రేపు మా సందులో సర్వే. ఇవాళ సందులో ఒక పని చేశాను. ఏమిటో చెప్పను. రాసే మనిషి అవతలి జట్టు.

జూలై 8

సర్వే అయింది. దివ్యంగా జరిగింది. ఇంతకన్నా రాయించను.

జూలై 25, సాయంత్రం

కోడలు వచ్చి చెప్పులు కూడా విడవలేదు. డ్రాఫ్ట్ రిపోర్టు ఇవాళ క్లాసులో అందరి ముందూ పెట్టారట. మా పద్దెనిమిది కొట్లూ కలిసి ఏడాదికి సంపాదించేదానికన్నా, సందు ఊడ్చి లైట్లు వెలిగించడానికి ఆఫీసుకయ్యే ఖర్చే ఎక్కువట. అంటే మేం సందులో కూర్చోవడమే ఊరికి నష్టమట. పార్కింగు కడితే పెట్టినదానికి రెండింతలు లాభమట.

అత్తయ్యా, ఇదెలా కుదురుతుంది, నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఈ ఇంటి అద్దె కట్టింది మీ మిషనే కదా అంది. మరి గొడుగులావిడ తనకు నెలకు రెండు గొడుగులొస్తే గొప్ప అని ఏడ్చిందట. సర్వేకొచ్చిన అమ్మాయి ఆవిడకు తన మంచినీళ్ల సీసా ఇచ్చిందట. చెప్పులాయన డబ్బు కోసం కాదు, ఇంట్లో పొద్దుపోక వచ్చి కూర్చుంటానన్నాడట. తాళాలవాడు పోయిన ఏడాది ఒకే ఒక్క తాళంచెవి చేశానన్నాడట, అదీ సొంత ఇంటిదేనట.

నాకు నవ్వు ఆగలేదు. నేను నేర్పినదానికన్నా బాగా చెప్పారే అన్నాను.

కోడలు కుర్చీలో కూలబడింది. అప్పుడు మొత్తం చెప్పాను. మా సందులో ఒక నియమం ఉంది. చాలా ఏళ్ల కిందట గొడుగులావిడ మొగుడు, పాపం పోయాడులే, ఆఫీసు నుంచి కలం పట్టుకుని వచ్చిన ఒకాయన దగ్గర వ్యాపారం బ్రహ్మాండంగా ఉందని గొప్పలు కోశాడు. మరుసటి నెలలో అన్ని కొట్ల అద్దె రెట్టింపయింది. ఆరోజు నుంచి కలం కనబడితే ఏడవాలి. అది ఏ కలమైనా సరే. అందుకే సర్వే ముందురోజు కొట్టు కొట్టుకీ తిరిగి మరీ గుర్తుచేశాను. బేరాల్లేవు, పూట గడవదు, ఏదో కూర్చున్నాం అనండి అని. జాలిపడి వదిలేస్తారనుకున్నాను.

కోడలు కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. మెల్లగా చెప్పింది. అత్తయ్యా, తక్కెడకు జాలి ఉండదు. అటు కార్లవాళ్లు వాళ్ల నిమిషం నిమిషానికీ విలువ కట్టించుకున్నారు. ఇటు మీరు మా బరువు సున్నా అని మీరే రాయించుకున్నారు. సున్నాను ఎత్తేస్తే ఎవరికీ నష్టం లేదు.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నలభై ఏళ్ల కొట్టును నా నోటితో నేనే కూల్చుకున్నాను. నాతోపాటు పదిహేడు కొట్లు.

జూలై 26

యూనివర్సిటీకి వెళ్లాను. కోడలు వద్దంది. రాసే మనిషికి వద్దనే హక్కు లేదు.

నాలుగంతస్తులు ఎక్కాను. మేడమ్ గది మా కొట్టుకన్నా కాస్త పెద్దది. రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో కాగితాలు కూర్చున్నాయి. మూసుకోని కిటికీకి అట్టముక్క మడిచి పెట్టారు. మేడమ్ చిన్న మనిషి, గొంతు కూడా చిన్నదే, కానీ కళ్లు మాత్రం సూదులు. కాగితాలు కింద పెట్టి నన్ను కూర్చోబెట్టింది.

అబద్ధం చెప్పమన్నది నేనే అని మొదటి మాటగా చెప్పేశాను. తర్వాత నియమం గురించి, అద్దె గురించి చెప్పాను. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అంతా అయ్యాక రిపోర్టులో ఒక పేజీ తీసి, నాకు రాదని తెలిసి, తనే చదివింది. ఈ అంకెలు నమ్మేలా లేవు అని అందులో ముందే రాసి పెట్టింది. పద్దెనిమిది మందీ నష్టపోయే సందులో ఇన్నేళ్లుగా పద్దెనిమిది తలుపులూ ఎలా తెరుచుకుంటున్నాయని ఆవిడకూ అనుమానమేనట. కానీ అనుమానాన్ని కూడికలో వేయలేం కదమ్మా అంది. పిల్లలు మళ్లీ తిరిగి అడగాలి, చివరి రిపోర్టు ఆగస్టు పధ్నాలుగుకి ఇచ్చేయాలి, అడుగుదాం అంది. ఒకటే షరతు. ఈసారి మీరు కొట్లు తిరిగి నిజం చెప్పండి అని తప్ప ఇంకేమీ చెప్పకూడదు.

నాకు షరతులు పెట్టే మనుషులంటే ఇష్టం.

వచ్చేటప్పుడు ఇంకో మాట అంది. అంకెలు ఎలా తయారవుతాయో మీరూ చూడండి, రేపటి నుంచి క్లాసులో కూర్చోండి అంది. హాస్యమాడుతోందనుకున్నాను. కాదు.

జూలై 29

క్లాసు మెట్లు మెట్లుగా ఉంది. ఆఖరి బెంచీలో కూర్చున్నాను. కోడలు మొదటి బెంచీలో, నన్ను ఎరగనట్టు.

ఇవాళ చెయ్యి ఎత్తాను. మా చెప్పులాయనకు బేరగాడు నలభై ఇచ్చాడు. ఆ నలభై చెప్పులాయన టిఫిన్ సెంటర్లో ఇచ్చాడు. టిఫినాయన అదే నలభై నా దగ్గర చొక్కా కాలర్ తిప్పించుకుని ఇచ్చాడు. మొత్తం నూట ఇరవై మా సందు లాభంలో వేయండి అన్నాను. పిల్లలంతా వెనక్కి తిరిగారు. మేడమ్ బోర్డు దగ్గర నుంచి, అమ్మా, మీ ఇంటికొచ్చిన చుట్టం పక్కింటికీ ఎదురింటికీ కూడా వెళ్లొస్తే వీధికి ముగ్గురు చుట్టాలొచ్చినట్టా అని అడిగింది. ఒక్కడే అన్నాను. దాన్ని డబుల్ కౌంటింగ్ అంటారు, అలా వేస్తే పార్కింగువాళ్లూ వేస్తారు, వాళ్ల దగ్గర చుట్టాలెక్కువ అంది.

కూర్చున్నాను. ఒప్పుకోవడానికి ఇంటికొచ్చేదాకా పట్టింది.

ఆగస్టు 3

మళ్లీ సర్వే. నిజం చెప్పండర్రా అని చెప్పాను. అంతే చెప్పాను, దేవుడి మీద ఒట్టు.

నిజం మావాళ్లకు అలవాటు లేదు. ఏడవకూడదంటే పొగుడుకోవాలేమో అనుకున్నారు. తాళాలవాడు నెలకు తొంభై వేలట. గొడుగులావిడ దగ్గరికి పక్క ఊళ్ల నుంచి కార్లలో గొడుగులొస్తాయట. గడియారాలాయన తనకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊపిరాడదని చెప్పాడు, చెప్తున్నంతసేపూ ఆవులిస్తూనే ఉన్నాడట.

సర్వే పిల్లలు పేపర్లు ముఖం మీద కప్పుకుని నవ్వుకుంటూ పోయారు. మేడమ్ నవ్వలేదు. మొదటిది చెల్లదు, రెండోది అసలు చెల్లదు, పదకొండు రోజులే ఉన్నాయి అందట.

ఆగస్టు 4, పొద్దున

చెప్పులాయన వచ్చి నా కొట్టు ముందు నిలబడ్డాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. అక్కా, తాళాలవాడు తొంభై వేలని రాయించాడంట, వింటున్నావా, వాడికొచ్చేది పధ్నాలుగు, పరీక్షల నెలలో హాస్టలు పిల్లలు తాళంచెవులు పారేసుకుంటే పదహారు, అంతకు నయాపైసా దాటదు, నా కళ్లముందు ఉంటాడు కదా అన్నాడు.

మిషను ఆపేశాను.

మరి నీకెంతొస్తుంది అని అడిగాను. నాకేముందక్కా, ఏదో అన్నాడు.

లేచి గొడుగులావిడ దగ్గరికి వెళ్లాను. చెప్పులాయనకు ఎంతొస్తుందే అన్నాను. వదినా, ఇరవై వేలు, బళ్లు తెరిచే నెలలో ఇరవై మూడు, అందులో తోలుకూ సొల్యూషనుకూ ఐదు పోతాయి అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మరి నీకో అంటే చీర కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

నలభై ఏళ్లుగా ఈ సందులో ఉన్నాను. ఎవడి సంపాదన వాడు చచ్చినా చెప్పడు. పక్కవాడిది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇది కళ్లెదురుగా ఉండీ నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

కోడలు సందు అంకెలు ముట్టుకోకూడదు కాబట్టి దానికి చెప్పలేదు. మళ్లీ నాలుగంతస్తులు ఎక్కాను. మేడమ్ విని మొదటిసారి పకపకా నవ్వింది. నవ్వి, ఆగి, కలం తీసింది. ఒక్క పక్కవాడిని కాదు, అటువాడినీ ఇటువాడినీ విడివిడిగా అడుగుదాం, ఇద్దరి మాటా కలిస్తేనే వేద్దాం, ఆపైన పిల్లలు రెండేసి రోజులు కొట్లో కూర్చుని బేరాలు కళ్లారా చూస్తారు, దాంతోనూ సరిపోవాలి అంది. ఆ రెండో ముక్కా మూడో ముక్కా నాకు తోచలేదు. చదువంటే అదేనేమో.

ఆగస్టు 9

కలిశాయి. అటువాడి మాట, ఇటువాడి మాట, పిల్లలు కూర్చుని చూసింది, మూడూ దాదాపు ఒకటే.

సందులో మాత్రం రెండ్రోజులుగా ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నా సంగతి నువ్వెలా చెప్తావు అంటే నా సంగతి నువ్వు చెప్పలేదా అని. ఇవాళ తాళాలవాడు ఉండబట్టలేక గడియారాలాయన దగ్గరికి వెళ్లి నాది ఎంతని చెప్పావు మావా అని అడిగాడు. పధ్నాలుగు అన్నాడాయన. తాళాలవాడు కాసేపు వేళ్లు ముడిచి, నిజంగా నాకంత వస్తుందా అన్నాడు. సాయంత్రం అందరికీ టీ పోయించాడు.

నా గురించి చెప్పింది చెప్పులాయన. ఎంత చెప్పాడో నేనడగలేదు. వాడికి తెలుసని నాకు తెలుసు.

ఆగస్టు 12

ఇంకో పాఠం ఉంది. ఇది రాయకపోతే నా కేసే లేదు.

మా డబ్బాలో పడేది ఒక్కటే లాభం కాదట. బేరగాడి జేబులో మిగిలేది కూడా లెక్కేనట. సందులోంచి బయటికి వెళ్లే ప్రతివాడినీ పిల్లలు ఆపి, ఈ సందు లేకపోతే ఏం చేసేవారు అని అడిగారు. నర్సు ఒకావిడ కొత్త బూట్లు కొనాలి, ఈ నెల కుదరదు, నొప్పితోనే డ్యూటీ చేస్తాను అందట. బస్సు కండక్టరు కొత్త సంచీకి ఆఫీసులో పెట్టుకుంటే మూడు నెలలు పడుతుందన్నాడట. స్కూలు బ్యాగు జిప్పు వేయించుకున్న తల్లి కొత్త బ్యాగు ధర చెప్పి నవ్విందట. కొత్తదానికయ్యే ఖర్చుకీ మాకిచ్చినదానికీ మధ్య ఉన్న తేడా వాళ్ల ఇళ్లలో మిగిలింది. ఆ మిగులు మా సంపాదనకు మూడింతలట.

ఇన్నేళ్లుగా సూది గుచ్చింది నా డబ్బా కోసమే అనుకున్నాను. ఎవరెవరి జేబుల్లోనో కూడా కుట్టానట.

అయితే కుట్టిన కోటు కొత్త కోటుతో సమానం కాదు, అందుకని ఆ తేడా మొత్తం వేయకూడదు, సగమే వేయాలి అన్నారు. ఇక్కడ నాకు మండింది. నా కుట్టు కొత్త గుడ్డకన్నా గట్టి అన్నాను. కుట్టు గట్టిదే, కోటు పాతది కదండీ అంది మేడమ్. సగమే వేశారు. సగానికీ మేం బరువుగానే ఉన్నాం.

ఆగస్టు 21

రేపే. పార్కింగు వైపు ఏం తేలిందని కోడల్ని అడిగాను. రేపు హాల్లో వినండి అత్తయ్యా అంది. నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లాడిని పెళ్లి చేసుకుంది, నాకే చెప్పదట. ఇస్త్రీ చేసిన చీర తీసి పెట్టుకున్నాను. చీరకు ఇస్త్రీ చేయవచ్చు.

ఆగస్టు 22, పొద్దున ఆరు

నిద్ర పట్టింది. అదే ఆశ్చర్యం.

ఆగస్టు 22, సాయంత్రం

హాలు నిండిపోయింది. మా సందువాళ్లందరూ ఒకే వరసలో, ఉతికి ఆరేసినట్టు తెల్లగా. ముందు పార్కింగు కట్టే ఆఫీసు ఇంజనీరు లేచాడు. గోడ మీద రంగు బొమ్మలు వేసి అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఆరంతస్తులు, పైన పూలకుండీలు. బొమ్మలో మనుషులందరూ నవ్వుతున్నారు, ఒక్కరి చెప్పు కూడా తెగలేదు.

తర్వాత నన్ను పిలిచారు. మూడు నిమిషాలు అన్నారు.

అయ్యలారా, మొదటి సర్వేలో ఈ సందు మొత్తం అబద్ధం చెప్పింది, చెప్పించింది నేను అన్నాను. హాలు గొణిగింది. ఎందుకు చెప్పించానో చెప్పాను. మీ ఆఫీసు నుంచి కలం వచ్చిన ప్రతిసారీ మా దగ్గర ఏదో ఒకటి తీసుకునే వెళ్లింది, ఇవ్వడానికి వచ్చిన కలం మేం చూడలేదు, అందుకని మమ్మల్ని మేం తక్కువ చేసుకోవడం అలవాటైపోయింది, ఇవాళ్టితో మానేస్తున్నాం అన్నాను. తర్వాత నిజం అంకెలు చెప్పాను. చదవలేను కదా, కంఠతా పెట్టాను. మా సంపాదన ఇంత, మేం ఊరి జేబుల్లో మిగిల్చింది ఇంత, అందులో సగం కొట్టేశాక ఇంత, డబుల్ కౌంటింగ్ లేదు అన్నాను. వెనక నుంచి పిల్లలు బల్లలు చరిచారు.

ఇంజనీరు ఊరుకోలేదు. ఒకసారి అబద్ధం చెప్పినవాళ్లు ఇప్పుడు నిజం చెప్తున్నారని ఏమిటి నమ్మకం అన్నాడు. మంచి ప్రశ్నే. బాబూ, ఈసారి ఎవరి గురించి వాళ్లు చెప్పుకోలేదు, పక్కవాడి గురించి చెప్పారు, మా సందులో పక్కవాడిని నయాపైసా వదిలిపెట్టిన మహానుభావుడు ఇంకా పుట్టలేదు అన్నాను. హాలు నవ్వింది. అధ్యక్షుడి కుర్చీలో ఉన్న పెద్దమనిషి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు నా కోడలు లేచింది.

గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. కౌంటర్లో పద్దెనిమిదేళ్లు తిట్లు తిన్న గొంతు అది. ముందు కార్లవాళ్ల లాభం చెప్పింది. నాకు నచ్చనంత చెప్పింది. ఒక్క నిమిషం తగ్గించలేదు. చోటు కోసం వాళ్లు తిరిగే తిరుగుడు, కాల్చే పెట్రోలు, అంతా నిజమేనంది. ఇంజనీరు తలూపుతున్నాడు.

అయితే, అంది. ఒక పనిని ఆ పనితోనే తూచకూడదట. ఇంకోలా చేస్తే ఏమవుతుందో కూడా తూచాలట. పాత బస్సు డిపో వెనక ఆఫీసు స్థలమే ఖాళీగా ఉంది. కోర్టు రోడ్డుకు నాలుగు నిమిషాల నడక. తను వాచీ పెట్టుకుని నడిచి చూసింది. పార్కింగు అక్కడ కడితే కార్లవాళ్లకు వచ్చే లాభంలో పదింట తొమ్మిది వంతులు వస్తాయి. కూల్చేది లేదు, ఖర్చు సగం. సందు లాభం సందులోనే ఉంటుంది. సందులో కట్టడం, డిపో వెనక కట్టడం, అసలు కట్టకపోవడం, మూడు దారులూ పక్కపక్కన గోడ మీద వేసింది. ఏది బరువో చూడ్డానికి చదువు రానక్కర్లేదు.

ఎండలో ఆ వాచీతో నిలబడినప్పుడు నా కొట్టు కూల్చడానికి నిలబడిందనుకున్నాను. అదే వాచీ నా కొట్టును నిలబెట్టింది. నాకోసం అంకె తగ్గించి ఉంటే ఇవాళ ఇంజనీరు అక్కడే పట్టుకునేవాడు. తగ్గించలేదు కాబట్టే మిగతాదంతా నమ్మారు. నవ్విన నాపచేనే పండింది. జూన్ ఇరవై నాలుగున నేనన్న ఉప్పు మాట నేనే మింగుతున్నాను.

ఇది రాయడానికి మొహమాటపడుతోంది. కలం ఆపి కళ్లు తుడుచుకుంటోంది. రాయి. షరతు షరతే.

ఆగస్టు 30

సందు ఉంటుంది. పార్కింగు డిపో వెనక. రేకులు మార్చడానికి కూడా డబ్బిస్తారట. చెయ్యి నొప్పి, ఇవాళ్టికి ఇంతే అంటోంది కోడలు. చప్పట్లు కొట్టీ కొట్టీ.

సెప్టెంబరు 4

కోడలి మార్కులొచ్చాయి. ఫస్టు. డబుల్ కౌంటింగ్ చేయకూడదు కాబట్టి ఒక్కసారే చెప్తున్నాను.

సెప్టెంబరు 19

ఇవాళ మా సందులోకి కలం పట్టుకుని ఒకాయన వచ్చాడు. పన్నుల ఆఫీసట. చంకలో మా రిపోర్టే ఉంది. గొడుగులావిడ కొంగు తీసింది. ఆపవే అన్నాను.

స్టూలు వేసి కూర్చోబెట్టాను. మీకెంత వస్తుందమ్మా అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాసుకున్నాడు. రాస్తుంటే చూశాను, ఆయన కోటు చంక కింద కుట్టు వదిలి ఉంది. విప్పమన్నాను. పది నిమిషాల్లో కుట్టి ఇచ్చాను. యాభై ఇచ్చాడు.

అది కూడా కలుపుకోమన్నాను.